వినిపించని హోరు

తొంభైల నడుమ కొన్నేళ్లు నేను రాజమండ్రిలో పిన్ని వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదువుకున్నాను. బాబాయి పేపరు మిల్లులో పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి, ఇంట్లో ఉన్నాడో లేడో తెలిసేది కాదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి మాత్రం వేరే మనిషి అయిపోయేవాడు. మేడ మీది గది కిటికీలకు దుప్పట్లు కట్టి, చాపలు పరిచి, టీవీకి వీసీఆర్ తగిలించి మెట్ల వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఒక్కొక్కరే వచ్చేవారు. మెయిన్ రోడ్డులో క్యాసెట్ల షాపు నడిపే ఆయన ముందు వచ్చేవాడు. పాలకొల్లులో మందుల షాపు ఉన్నాయన పొద్దున్నే బస్సెక్కి, అరిటాకులో చుట్టిన దిబ్బరొట్టెలతో దిగేవాడు. రామచంద్రపురం నుంచి ఇద్దరు లెక్చరర్లు. అందరికంటే చివర, చెప్పులు మెట్ల కిందే జాగ్రత్తగా విడిచి, ట్యుటోరియల్ మాస్టారు. నేను ఇంటర్ ఫస్టియర్ సెలవులకు పిన్ని దగ్గరికి వచ్చినప్పుడు ఆయన దగ్గర ఇంగ్లీషు గ్రామరు చెప్పించుకున్నాను. చొక్కా జేబు దగ్గర ఎప్పుడూ సుద్ద మరక ఉండేది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

వీళ్లందరూ చూసేది ఒకటే సినిమా. ప్రతివారం అదే.

మద్రాసులో ఎవరో షాపు మూసేస్తూ అమ్మేసిన పాత క్యాసెట్ల పెట్టెలో అది దొరికిందట. లేబులు చిరిగిపోయింది. మొదట్లో పేర్లు పడే భాగం కూడా చెరిగిపోయింది కాబట్టి, ఆ సినిమా పేరేంటో, తీసిందెవరో వాళ్లలో ఎవరికీ తెలియదు. ‘ఉప్పునేల’ అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. ఎక్కడో ఎడారి అంచున చిన్న ఊరు. ఆ ఊళ్లో ఒక్కొక్కరికే ఆకాశంలోంచి ఏదో హోరు వినిపించడం మొదలవుతుంది. విన్నవాళ్లు చేస్తున్న పని వదిలేసి, ఊరి బయట ఉన్న తెల్లటి ఉప్పు మైదానంలోకి నడిచి వెళ్లిపోతారు. తిరిగి రారు. ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో సినిమాలో చెప్పరు. చిత్రమేమిటంటే ఆ హోరు చూసేవాళ్లకు ఒక్కసారి కూడా వినిపించదు. పాత్రల్లో ఎవరికైనా అది వినిపించగానే సినిమాలో శబ్దమంతా ఆగిపోతుంది. మాటల్లేవు, గాలి చప్పుడు లేదు. ఆ మొహం ఒక్కటే తెర నిండా ఉంటుంది.

ఆ నిశ్శబ్దం కోసమే వాళ్లు వచ్చేవారు. ఆ ఘట్టం రాబోతుండగా బాబాయి లేచి ఫ్యాను ఆపేవాడు. అందరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. తరవాత టీలు తాగుతూ ఆ హోరు ఎలా ఉండి ఉంటుందని వాదించుకునేవారు. మిల్లులో బాయిలరు రాజుకునేటప్పటి మోతలా ఉంటుందని బాబాయి. తంబురా శ్రుతిలా ఉంటుందని క్యాసెట్ల షాపు ఆయన. పక్కగదిలో ఎవరో మన గురించి మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందని మాస్టారు ఒకసారి అన్నారు.

మొదట్లో తెర మీది ఇంగ్లీషు మాటలకు తెలుగు చెప్పే పని మాస్టారిదే. ఒక ఆదివారం ఆయన ఇక చెప్పలేనన్నారు. తను మాట్లాడుతుంటే తనకు వినపడటం లేదన్నారు. ఏం వినపడటం లేదని అడగాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. కాన్వెంటులో చదివిన పిల్ల ఇంట్లో ఉంది కదా అని బాబాయి నన్ను పిలిచాడు. అలా నేను ఆ గదిలోకి వెళ్లాను.

నాకు దెయ్యాల సినిమాలంటే భయం లేదు. రక్తం చూపిస్తే నవ్వొచ్చేది. ఇందులో రక్తం లేదు, దెయ్యం లేదు, చీకటి కూడా లేదు. పట్టపగలు, ఎండలో, ఇల్లాలు పొయ్యి మీద గిన్నె దించి, చేతులు తుడుచుకుని, బయటికి వచ్చి నడుచుకుంటూ వెళ్లిపోతుంది. వెనక నుంచి పిల్లాడు పిలుస్తుంటాడు. వాడి నోరు కదులుతుంది, గొంతు వినపడదు. ఆ రోజు నేను అనువాదం ఆపేసి చాప అంచు పట్టుకుని కూర్చున్నాను. కిందికి దిగాక పిన్ని వంటింట్లో పప్పు దించి చేతులు తుడుచుకుంటుంటే వెళ్లి ఆవిడ కొంగు పట్టుకున్నాను. ఏంటే, చిన్నపిల్లలా, అని పిన్ని కసిరింది.

అయినా మరుసటి ఆదివారం మళ్లీ మేడెక్కాను. భయపడి మానేస్తే ఆ భయం నాతోనే ఉండిపోతుందనిపించింది. అందరి మధ్య కూర్చుని చూస్తే తగ్గుతుందనుకున్నాను.

తగ్గలేదు. కొన్ని వారాలకు ఆ నిశ్శబ్దం అడుగున ఏదో ఉన్నట్టు నాకు అనిపించడం మొదలైంది. బాబాయినడిగితే టేపు అరిగిందని, అరిగితే అలాగే బుస్సుమంటుందని చెప్పాడు. కానీ టేపు ఆగాక కూడా అది ఉండేది. కాలేజీ ల్యాబులో అందరూ తలలు వంచుకుని రీడింగులు చూస్తున్నప్పుడు ఉండేది. స్నానాలగదిలో చెంబు కింద పెట్టాక ఉండేది. నేను పంపు విప్పేసేదాన్ని, నోట్లో ఏదో ఒకటి చదువుకునేదాన్ని, రోడ్డు మీద ఆటోల రొదలో నడవడానికి దూరమైన దారి పట్టేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమవుతుందేమోనని భయం.

ఆ ఎండాకాలం వాళ్లంతా ఒక సరదా చేశారు. గోదావరి మధ్యలో బయటపడిన ఇసుక మేట ఒకటి అచ్చం సినిమాలోని ఉప్పు మైదానంలా ఉందని, పడవ కట్టించుకుని వెళ్లి అక్కడ భోజనాలు చేశారు. పిన్ని పులిహోర కలిపి పంపింది. నేనూ వెళ్లాను. తెల్లటి ఇసుక, కళ్లు తెరవనివ్వని ఎండ. పాలకొల్లు ఆయన సినిమాలో ఉప్పులోకి నడిచిపోయే పోస్టుమాన్‌లా నడిచి చూపిస్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మాస్టారు మాత్రం మాకు వీపు పెట్టి, మేట చివరిదాకా వెళ్లి నిలబడ్డారు. బాబాయి విస్తరి వేసి పిలిచాడు. రెండోసారి, మూడోసారి పిలిచాడు. నవ్వులు ఆగిపోయాయి. చివరికి క్యాసెట్ల షాపు ఆయన వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు తిరిగారు. భోజనానికి వచ్చి, ఏమీ జరగనట్టు, పులిహోర బాగుందన్నారు.

వానలు మొదలయ్యేనాటికి మాస్టారి భార్య మా ఇంటికి వచ్చింది. పొద్దున్న పది కూడా కాలేదు. ఆవిడ ఎప్పుడూ రాలేదు కాబట్టి పిన్ని కంగారుగా కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోలేదు. మాస్టారు నిద్రపోవడం మానేశారని చెప్పింది. గోడ గడియారంలో సెల్లు తీసేశారట. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశారట. పదో తరగతి చదివే కూతురు పాఠం పైకి చదువుకుంటుంటే మెల్లగా వచ్చి పిల్ల నోటి మీద చెయ్యి పెట్టారట. కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి పెట్టి, ఎటో చూస్తూ నిలబడ్డారట. ట్యుటోరియల్లో వాక్యం మధ్యలో ఆగిపోతుంటే పిల్లలు మొదట నవ్వి, తరవాత రావడం మానేస్తున్నారని చెప్పి, బాబాయి వైపు తిరిగింది.

“మీ మేడ మీద ఆయనకేం చూపిస్తున్నారండీ?”

బాబాయి తల దించుకున్నాడు.

ఆ రోజే క్యాసెట్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. పాలకొల్లుకూ రామచంద్రపురానికీ ఫోన్లు చేసి కొన్నాళ్లు రావద్దని చెప్పాడు. మాస్టారికి చెప్పడానికి మాత్రం వెళ్లలేకపోయాడు. ఆదివారం ఆయన మామూలుగానే వచ్చారు. తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆనించి, మెట్ల దగ్గర నిలబడ్డారు. ఇవాళ లేదని బాబాయి చెప్పాడు. ఒక్కసారి వెయ్యమని, మొత్తం అక్కర్లేదని, మాటలు ఆగిపోయే చోటు ఒక్కటి చాలని ఆయన ఎంతో మర్యాదగా అడిగారు. బాబాయి చేతులు పట్టుకుని, కొన్నాళ్లు ఆపుదాం మాస్టారూ, మీ ఒంట్లో బాగోలేదు, అన్నాడు.

మాస్టారు ఆయన్ని వదిలేసి నా వైపు చూశారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను.

“నీకూ వినపడుతోంది కదమ్మా. నీ మొహం చూస్తే తెలుస్తోంది.”

నేను గుమ్మాన్ని పట్టుకున్నాను. ఆయన నవ్వారు. నేను గ్రామరులో తప్పులేకుండా చెప్పినప్పుడు నవ్వే నవ్వే అది. గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. పిన్ని నా దగ్గరికి వచ్చి, నిజమేనటే, అని అడిగింది. కాదన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఆ తరవాతి రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు, భయం ఒక్కటే గుర్తుంది. ఆయనకు వచ్చింది నాకూ వస్తుందనుకున్నాను. సినిమాలో ఒకరి తరవాత ఒకరికి వచ్చినట్టే. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా నన్ను నేను కనిపెట్టుకుంటూ ఉండేదాన్ని. నా కాళ్లు నేను చెప్పకుండా లేస్తాయేమోనని.

గోదావరికి ఎర్రనీరు వచ్చిందని ఊరంతా చెప్పుకున్న పొద్దున, మాస్టారి భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. వెంట కూతురు ఉంది. ఆయన తెల్లవారాక లేచి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులు లేకుండా బయటికి వెళ్లారట. గ్లాసు కడిగి పెట్టారంటే ఎక్కడికీ పోలేదనుకున్నానండీ, అంటోంది ఆవిడ. ట్యుటోరియల్లో లేరు, గుళ్లో లేరు, స్టేషన్లో లేరు. బాబాయి నా మొహం చూశాడు. ఇద్దరికీ ఒకటే తోచింది.

నన్ను రావద్దన్నాడు. పిన్ని కూడా అడ్డం నిలబడింది. నా మాటైతే ఆయన వింటారని చెప్పి స్కూటరెక్కాను. అది పూర్తిగా నిజం కాదు. ఇంట్లో కూర్చుంటే ఆయన అన్న ఆ మాటతో ఒక్కదాన్నే ఉండాలి. అది నావల్ల అయ్యేట్టు లేదు.

రేవులో నీళ్లు అప్పటికే నాలుగైదు మెట్లు ఎక్కాయి. ఎర్రమట్టి కలిపినట్టు చిక్కగా, నురగలు కట్టి, కొమ్మలూ గుర్రపుడెక్కా మోసుకుంటూ పోతున్నాయి. పడవ వాళ్లను అడిగితే, తనే తీసుకెళ్లానని ఒకతను ఒప్పుకున్నాడు. లంకలోకి గడ్డికి వెళ్లే పడవలో తెల్లచొక్కా ఆయనొకరు ఎక్కి, మేట దగ్గర దింపమన్నారట. మావాళ్లు వచ్చి తీసుకెళ్తారని చెప్పారట. మాస్టారు కదా, అబద్ధం చెబుతారనుకోలేదండీ, అన్నాడతను.

ఇంజను పడవలో బయల్దేరాం. నాకు ఈత రాదు. అయినా నీళ్లను చూసి భయపడినట్టు గుర్తులేదు. మేట దగ్గరవుతున్నకొద్దీ, ఇంజను ఆపేశాక ఏం వినపడుతుందోనని భయపడ్డాను.

మేము భోజనాలు చేసిన చోటు లేదు. మేటలో సగం ఎర్రనీటి కింద ఉంది. మిగిలిన సగం అంచులు కొట్టుకుపోతూ, ఇసుక పెళ్లలు పెళ్లలుగా విరిగి నీళ్లలో పడుతోంది. ఆ కొసన ఆయన ఉన్నారు. పంచె పిక్కల దాకా తడిసి ఉంది. మాకు వీపు పెట్టి నిలబడ్డారు. పడవతను ఇంజను ఆపలేదు. ఎక్కువసేపు ఉండలేనని, త్వరగా రమ్మని కేకేశాడు. బాబాయి దిగి, మాస్టారూ, రండి, ఇంటికి వెళ్దాం, అంటూ నడిచాడు. మాస్టారు వెనక్కి తిరగకుండానే రెండడుగులు ముందుకు వేశారు. బాబాయి ఆగిపోయాడు. ఇంకా దగ్గరికెళితే ఆయన ఇంకా ముందుకు పోతారని నాకు అర్థమైంది.

నేను దిగాను. ఇసుక నా పాదాల కింద మెత్తగా జారుతోంది. బాబాయిని దాటి వెళ్లి, ఆయన పక్కన కొంచెం ఎడంగా నిలబడ్డాను. ఆయన చూస్తున్న వైపు చూడలేదు, ఆయన చేతినే చూశాను. వేళ్ల మధ్య ఇంకా సుద్ద ఉంది.

“వినపడుతోందా అమ్మా?” అన్నారు.

లేదని చెబుదామనుకున్నాను. ఆ మాట రాలేదు. అవునని చెబితే ఇద్దరం నీళ్లలోకే అనిపించింది. నాకు ఏడుపొచ్చేసింది.

“నాకు తెలీదు మాస్టారూ. నాకు చాలా భయంగా ఉంది. నన్ను ఇంటికి తీసుకెళ్లండి.”

ఆయన నా వైపు తిరిగారు. చాలా దూరం నుంచి వచ్చినవాడిలా కాసేపు చూసి నన్ను పోల్చుకున్నారు. నా తడిసిన ఓణీ చూశారు. ఎవరితో వచ్చావని అడిగారు. బాబాయితో అన్నాను. నీళ్లొచ్చే రోజుల్లో ఆడపిల్లని ఇలాంటి చోటికి తీసుకొస్తారా అని బాబాయిని కోప్పడ్డారు. ఆయన కోప్పడటం నేను వినడం అదే మొదటిసారి. నా చెయ్యి పట్టుకుని పడవ దాకా నడిపించి, ముందు నన్నెక్కించి, తరవాత తనెక్కారు. దారి పొడుగునా ఆ చెయ్యి వదల్లేదు.

రేవులో ఆయన భార్యా కూతురూ నిలబడి ఉన్నారు. కూతురు దగ్గరికొచ్చి, నాన్నగారూ, చెప్పులు తెచ్చాను, వేసుకోండి, అంది. ఆయన వేసుకున్నారు.

కాకినాడలో డాక్టరుకి చూపించారు. అది జబ్బేనని, సినిమా రాకముందే లోపల ఉండి ఉంటుందని, సినిమా దానికి ఒక ఆకారం ఇచ్చిందని ఆ డాక్టరు బాబాయితో చెప్పారట. మందులకు మొదట్లో ఆయన రోజంతా పడుకునే ఉండేవారు. బాబాయి ప్రతివారం వెళ్లి పక్కన కూర్చుని వచ్చేవాడు. మెల్లగా కోలుకున్నారు. మరుసటి సంవత్సరం ఇంటి వరండాలోనే నలుగురైదుగురు పిల్లలకు గ్రామరు చెప్పడం మొదలుపెట్టారు. నాకు వినపడ్డదేదో, ఎప్పుడు మానిందో తెలియకుండానే మానింది. డాక్టరు దగ్గరికి నేను వెళ్లలేదు. చదువు, పరీక్షలు, తరవాత రామచంద్రపురం కాలేజీలో ఉద్యోగం. బీరువాలో క్యాసెట్టుకు బూజు పట్టింది. దాన్ని పారేయమని పిన్ని అన్నా, బాబాయి పారేయలేదు, వెయ్యనూ లేదు.

కొన్నేళ్లకు మా కాలేజీ ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ తెరిచారు. ఒక సాయంత్రం, ఎవరూ లేనప్పుడు, ఆ కథను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కొట్టి వెతికాను. దొరికింది. దానికొక పేరుంది. అదెక్కడా ఆడలేదు, వారం తిరక్కుండానే ఎత్తేశారట. కానీ దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఒకళ్లనొకళ్లు చూడకపోయినా రోజూ దాని గురించే రాసుకుంటున్నారు. మా మేడ మీద జరిగిన వాదాలే అక్కడా జరుగుతున్నాయి. బాబాయికి ఫోన్ చేసి పేరు చెప్తే, మళ్లీ చెప్పమని కాగితం మీద రాసుకున్నాడు.

ఆ హోరు మీకెలా వినిపించిందని ఒకచోట ఎవరో అడిగారు. కింద అంతా నవ్వులాటలు. వాటి మధ్య ఒకావిడ, కిందటి చలికాలం తన భర్త ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయాడని, ఆ సినిమా ఆయనకు ఎంతో ఇష్టమని రాసింది. అంతే రాసింది. ఆవిడకు ఎవరూ జవాబివ్వలేదు.

వెళ్లిపోదామనుకుని కూడా కూర్చుని మా ఊరి కథ క్లుప్తంగా రాశాను, ఇది సరదా కాదు, జాగ్రత్త అని. మర్నాడు చూస్తే జవాబులు బోలెడు ఉన్నాయి. ఆ ఇసుక మేట ఎక్కడుంది, ఏ ఊరికి దగ్గర, ఏ నెలలో బయటపడుతుంది అని అడుగుతున్నారు. ఒక్కసారి వచ్చి అక్కడ నిలబడాలని ఉందని ఒకతను రాశాడు. మేమూ వస్తామని ఇంకొందరు. సెంటర్లో పక్కన ఎవరో వచ్చి కూర్చుంటే ఉలిక్కిపడ్డాను. ఒక్కరికీ జవాబివ్వకుండా లేచి వచ్చేశాను.

సెలవులకు రాజమండ్రి వెళ్లినప్పుడు మాస్టారిని చూడబోయాను. ఆయన ముందు ఆ విషయం ఎత్తకూడదనుకున్నాను. బాబాయి అప్పటికే చెప్పేశాడట. పిల్లల్ని పంపేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయనే అడిగారు. అన్నీ చెప్పాను. మేట గురించి అడిగిన వాళ్లకు ఏం చెప్పావన్నారు. ఏమీ చెప్పలేదన్నాను. మంచి పని చేశావన్నారు. వాళ్లకు ఏం రాస్తే అర్థమవుతుంది మాస్టారూ, అన్నాను.

“విన్నన్నాళ్లూ నాకు భయం లేదమ్మా. అది ఆగిపోయాకే భయం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.”

తరవాత ఆ భర్త వెళ్లిపోయినావిడ ఏమైందని అడిగారు. మళ్లీ ఏమీ రాయలేదన్నాను. ఆయన లేచి వరండా చివరిదాకా వెళ్లి వచ్చారు.

“ఆవిడకి రాయమ్మా. ఒకాయన నది మధ్యదాకా వెళ్లి వెనక్కి వచ్చాడని రాయి.”

సెలవులు అయిపోయాక, మధ్యాహ్నం ఎండలో, సెంటర్ నిండా పిల్లలు గోలగా ఆటలాడుకుంటున్న వేళ చూసుకుని వెళ్లి రాశాను. జవాబు వచ్చిందో లేదో తెలియదు. ఆ పేజీ మళ్లీ తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు.